రెండు విధములైన రేచీకటి

తడ ప్రాంతమున ప్రొద్దు గ్రుంకిన తరువాత కూడ పని యాగదు. పులికాట్ సరస్సులో వేటకు పోయిన పడవలు మసక చీకటిలో భీములవారిపాలెము రేవునకు తిరిగి వచ్చుచుండును. ఇరకము దీవిలో నివసించువారు సరుకులకైనను, వైద్యమునకైనను పడవనే నమ్ముకొని యున్నారు. చెన్నపట్టణము నుండి కలకత్తాకు పోవు రహదారి మీద రేయింబవళ్లు బండ్లు పరుగిడుచుండును. శ్రీసిటీ కర్మాగారములలో రాత్రి వంతు పనికి పోవువారు పలువురు గలరు. ఇట్టి చోట సంజవేళ కాగానే కన్ను కనబడని మనుష్యుని యిబ్బంది ఎంతటిదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ బాధను మన పల్లెలలో రేచీకటి యందురు. పెద్దలు దీనికి పొన్నగంటి కూర, మునగాకు పెట్టుడని చెప్పుదురు. ఆ మాటలో సత్యమున్నది. కాని ఆ సత్యము సగము మాత్రమే. రేచీకటి రెండు విధములు. ఒకటి ఆహార లోపము వలన కలుగునది; అది సకాలమున గుర్తించినచో కొలది దినములలో నయమగును. రెండవది పుట్టుకతోనే శరీరములో నిమిడియుండి, వంశములో దిగివచ్చునది. అది ఆకుకూరలకు లొంగదు. మొదటిదానిని రెండవదిగా భావించి ఊరకున్నచో పసివాని కన్ను పోవును. రెండవదానిని మొదటిదిగా భావించినచో ఏండ్ల తరబడి ధనము, కాలము, ఆశ వ్యర్థమగును. కనుక ఈ రెంటి భేదమును, రెండవదాని కారణములను, దానికి నేడు లోకములో జరుగుచున్న చికిత్సా ప్రయత్నములను పాఠకులకు విశదపరచుట మా ఉద్దేశము.

కన్ను చూచు విధము

కంటి లోపలి వెనుక గోడకు కాగితము కంటె పలుచనైన పొర యొకటి అంటుకొని యున్నది. దానిని నేత్రపటల మందురు. వైద్యులు రెటీనా యందురు. వెలుతురు మొదట తాకి గుర్తింపబడునది ఈ పొర మీదనే. ఇందులో రెండు జాతుల కణములు గలవు. కడ్డీల వలె నుండు దండకణములు ఒక్కొక్క కంటిలో సుమారు 12 కోట్లు. శంఖాకృతిలో నుండు శంకుకణములు సుమారు 60 లక్షలు. శంకుకణములు పగటి వెలుగులో రంగులను, సన్నని అక్షరములను చూపును. దండకణములు మసక వెలుతురులో చూపునిచ్చును. ప్రక్కల నున్న వస్తువులను పసిగట్టుటయు ముఖ్యముగా వీని పనియే.

దండకణములో రొడాప్సిన్ అను పదార్థము గలదు. ఇది ఒక మాంసకృత్తును, విటమిన్ ఏ నుండి తయారైన మరియొక పదార్థమును కలిసి యేర్పడినది. వెలుతురు సోకగానే ఇది మార్పు చెంది మెదడునకు సంకేతమును పంపును. మార్పు చెందిన పదార్థము తిరిగి మొదటి స్థితికి రావలెను. అప్పుడే తరువాతి వెలుతురును పట్టుకొనగలదు. ఏతము బాన నీరు కుమ్మరించి మరల బావిలోనికి దిగినట్లు, ఈ చక్రము క్షణక్షణము తిరుగుచుండవలెను. బావిలో నీరు లేకున్నను తోట యెండును. ఏతపు కొయ్య విరిగినను తోట యెండును. రెండు విధములైన రేచీకటికి గల భేదము ఇదియే.

మొదటి విధము: నీరు చాలని బావి

ఆహారములో విటమిన్ ఏ చాలనిచో రొడాప్సిన్ తయారు కాదు. చిన్న పిల్లలు, గర్భిణులు సంజవేళ తడుముకొందురు. కంటి తెల్లగ్రుడ్డు కాంతి తప్పి, కొందరిలో నురుగు వంటి మచ్చలు కనబడును. అశ్రద్ధ చేసినచో నల్లగ్రుడ్డు మెత్తబడి చితికిపోయి చూపు శాశ్వతముగ నశించును. ఒకప్పుడు మన దేశమున పసిపిల్లల అంధత్వమునకు ఇది ముఖ్య కారణములలో నొకటి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు జరిపిన పరిశీలనల ఆధారముగ, పసిపిల్లలకు నిర్ణీత కాలములలో పెద్ద మోతాదు విటమిన్ ఏ నిచ్చు జాతీయ కార్యక్రమము 1970లో ఆరంభమైనది. తొమ్మిదవ నెలలో మొదటి మోతాదు, పిదప ఆరు నెలల కొకమారు చొప్పున ఐదేండ్లు నిండువరకు ఇచ్చుట దాని పద్ధతి. అంగన్‌వాడీ కేంద్రములోను, ఆరోగ్య కార్యకర్తల వద్దను ఇది లభించును. మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండు, గ్రుడ్డు, చిన్న చేపలు దీనిని సహజముగ నిచ్చు ఆహారములు. ఈ విధమైన రేచీకటి విటమిన్ ఏ ఇచ్చిన కొలది దినములలోనే తగ్గుట మొదలిడును.

రెండవ విధము: విరిగిన ఏతము

రెండవ విధములో ఆహారము చాలినంత యున్నను కన్ను దానిని వినియోగించుకొనలేదు. లేదా దండకణములు క్రమముగ క్షీణించిపోవును. ఇట్టి రోగములలో మిక్కిలి తరచుగ కనబడునది రెటినైటిస్ పిగ్మెంటోజా. ప్రపంచములో సుమారు 4,000 మందిలో ఒకరికి ఇది యుండునని అంచనా. దక్షిణ భారతమున జరిగిన పరిశీలనలలో ఇంతకంటె ఎక్కువ మందికి కనబడినది.

దీని నడక మెల్లనిది. బాల్యములోనో, యౌవనారంభములోనో మొదట రాత్రి చూపు తగ్గును. సినిమాహాలులో సీటు దొరకక తడుముకొనుట, సంజవేళ గట్టు మీద కాలు జారుట, ప్రక్కనే యున్న చెంబును తన్నుట వంటివి తొలి గుర్తులు. ఏండ్లు గడచిన కొలది ప్రక్కచూపు అన్ని దిక్కుల నుండి ముడుచుకొనివచ్చి, రోగి వెదురు గొట్టములో నుండి లోకమును చూచినట్లు చూచును. ఎదుట నున్న అక్షరములను చదువగలడు, ప్రక్కనుండి వచ్చు ఎద్దును గమనింపలేడు. ఇది చూచి ఇరుగుపొరుగువారు “సూదిలో దారమెక్కించువాడు మనిషిని గ్రుద్దుకొనునా? అంతయు నటన” యని పరిహసించుట కలదు. అది నటన కాదు, వ్యాధి లక్షణమే. కడపట శంకుకణములు కూడ క్షీణించి నడిమి చూపును మందగించును.

1851లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపలి భాగమును చూచుటకు తగిన దర్పణ యంత్రమును కనిపెట్టెను. అప్పటినుండి వైద్యులు ఈ రోగుల నేత్రపటలము మీద ఎముక కణములను పోలిన నల్లని మచ్చలుండుటను గమనింపసాగిరి. ఇదిగాక, పుట్టిన కొలది నెలలకే చూపు మిక్కిలి తక్కువగ నుండు మరియొక జాతి రోగమును 1869లో లేబర్ అను వైద్యుడు వర్ణించెను. నడిమి చూపు ముందుగా పోవు స్టార్‌గార్ట్ రోగము ఇంకొకటి. ఇవన్నియు వంశపారంపర్య నేత్రపటల వ్యాధులను ఒకే కుటుంబమునకు చెందినవి.

దోషము ఎచట నున్నది?

మన శరీరములోని ప్రతి కణములోను దేహ నిర్మాణమునకు సంబంధించిన వ్రాత గలదు. ఆ వ్రాతలో ఒక్కొక్క పనికి ఒక్కొక్క ప్రకరణముండును, దానినే జన్యువందురు. ప్రతి జన్యువును మనకు రెండు ప్రతులుగ లభించును; ఒకటి తల్లి నుండి, ఒకటి తండ్రి నుండి. దస్తావేజు నకలు వ్రాయునపుడు ఒక అక్షరము తప్పినచో అర్థము మారునట్లు, జన్యువులో ఒక్క అక్షరము మారినను కణము చేయు పని చెడవచ్చును. నేత్రపటల వ్యాధులకు కారణములగు జన్యువులు 250కి మించి కనుగొనబడినవి. కావున రెటినైటిస్ పిగ్మెంటోజా యనునది ఒక్క రోగము కాదు. ఒకే గుమ్మము చేరు అనేక దారుల వంటిది.

ఈ దోషము సంతానమునకు దిగు మార్గములు ముఖ్యముగ మూడు.

మొదటిది దాగియుండు మార్గము. రెండు ప్రతులలో ఒకటి చెడినను రెండవది పని నడపును. అట్టి మనుష్యునకు ఏ బాధయు నుండదు. తాను దోషమును మోయుచున్న సంగతియు తెలియదు. అట్టి ఇరువురు దంపతులైనపుడు, ప్రతి కాన్పులోను బిడ్డకు రెండు చెడిన ప్రతులు వచ్చి రోగము కలుగు అవకాశము నాల్గింట ఒక వంతు. తల్లిదండ్రుల వలె మోయువాడుగ నుండు అవకాశము సగము. పూర్తిగ దోషరహితుడగు అవకాశము నాల్గింట ఒక వంతు. ఇచట ఒక సంగతి గుర్తింపవలెను. మొదటి బిడ్డకు రోగము వచ్చినది గనుక తరువాతి ముగ్గురు క్షేమమని యెంచరాదు. నాణెమును ఎగురవేసిన ప్రతిసారియు బొమ్మా బొరుసుల లెక్క క్రొత్తగ మొదలగునట్లు, ప్రతి కాన్పుకును లెక్క క్రొత్తదే.

రెండవది పైకి కనబడు మార్గము. ఒక ప్రతి చెడినను రోగము కలుగును. తండ్రికో తల్లికో రోగముండును. ప్రతి బిడ్డకును సగము అవకాశము. తరమునకు తరము రోగము కనబడు కుటుంబములు సాధారణముగ ఇట్టివి.

మూడవది ఎక్స్ అను క్రోమోజోము మీద నుండు దోషము. స్త్రీలకు ఎక్స్ రెండుండును, పురుషులకు ఒకటే. కావున మోయునది తల్లి, బాధపడునది కొడుకు. అట్టి తల్లికి కలుగు ప్రతి కొడుకునకును రోగము వచ్చు అవకాశము సగము. రోగియైన తండ్రి నుండి కొడుకులకు ఇది రాదు. కాని కూతుండ్రందరును దోషమును మోయుదురు. “మేనమామకు వచ్చిన గ్రుడ్డితనము మేనల్లునికి వచ్చిన” దని పల్లెలలో చెప్పుకొను కొన్ని సంగతులకు మూలమిదియే కావచ్చును.

ఈ మూడు మార్గములలో ఎందును పాపపుణ్యముల ప్రసక్తి లేదు. కోడలి కాలుదోషమనియు, గ్రహణమునాడు గర్భిణి బయటికి వచ్చినందున కలిగినదనియు నిందించుట అన్యాయము. దాగియుండు మార్గములో తల్లిదండ్రు లిరువురును సమానముగ నొక్కొక్క ప్రతి నిచ్చినవారే. ఎవరును కోరి ఇచ్చినవారు కారు.

మేనరికముల ప్రశ్న

మన ప్రాంతమున మేనమామకు మేనకోడలి నిచ్చుట, మేనత్త కొడుకునకు పిల్లనిచ్చుట పూర్వము నుండి వచ్చుచున్న ఆచారము. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో నేటికిని సుమారు నాల్గింట ఒక పెండ్లి దగ్గర బంధువుల మధ్య జరుగుచున్నది. ఆస్తి చీలకుండుట, పిల్ల కన్నుల యెదుట నుండుట, కట్నముల భారము తగ్గుట మొదలగు కారణములను పెద్దలు చెప్పుదురు. వానిని మేము తేలికగ త్రోసివేయుట లేదు. కాని లెక్క ఏమి చెప్పుచున్నదో చూడవలెను.

దాగియుండు దోషమొకటి సమాజములో నూటికి ఒకరియందు గలదని ఉదాహరణకు అనుకొందము. దోషమును మోయు యువకుడు పరాయి కుటుంబపు కన్యను పెండ్లాడినచో ఆమెయు అదే దోషమును మోయు అవకాశము నూటికి ఒకటి. మేనమామ కూతురునో, మేనత్త కూతురునో పెండ్లాడినచో ఎనిమిదింట ఒకటి, అనగా నూటికి పన్నెండున్నర. అక్క కూతురును పెండ్లాడినచో నాల్గింట ఒకటి, అనగా నూటికి ఇరువదియైదు. బిడ్డకు రోగము కలుగు అవకాశము ఈ లెక్కలో మరల నాల్గవ వంతు. కావున పరాయి సంబంధమున నాలుగు వందల కాన్పులలో ఒకటిగ నుండవలసినది, మేనకోడలి సంబంధమున పదునారింట ఒకటి యగుచున్నది. దోషమెంత అరుదైనదైతే ఈ భేదమంత హెచ్చును.

దీనిని బట్టి మేనరికపు పెండ్లి జరిగిన ప్రతి ఇంటను రోగము వచ్చునని భయపడరాదు. పెక్కు ఇండ్లలో పిల్లలు ఆరోగ్యముగనే యున్నారు. పరాయి సంబంధములలోను రోగము రాదని హామీ లేదు. కాని ఏ వంశములో ఇదివరకే రేచీకటిగాని, పుట్టు గ్రుడ్డితనముగాని, పుట్టు చెవుడుగాని కనబడినదో, ఆ వంశములో మరల లోపలి సంబంధమును కుదుర్చుకొనుటకు ముందు వైద్యుని సంప్రదించుట వివేకము. వేరొక మాటయు చెప్పవలెను. దాగియుండు మార్గమున రోగము పొందిన వ్యక్తి పరాయి కుటుంబములో, దోషము మోయని వారిని పెండ్లాడినచో, వారి బిడ్డలు దోషమును మోయుదురే కాని రోగులు కారు. కావున కన్ను కనబడని వారికి పెండ్లి తగదను మాట శాస్త్రము చెప్పునది కాదు.

మన కుటుంబముల వలన లోకమునకు తెలిసిన సత్యములు

1989లో ఐర్లండు దేశమున ఒక పెద్ద కుటుంబమును పరిశీలించి, రోగమునకు కారణమైన జన్యువు మూడవ క్రోమోజోము మీద నున్నట్లు కనుగొనిరి. 1990లో అమెరికాలో ఆ జన్యువు రొడాప్సిన్‌కు సంబంధించినదని తేలెను. రెటినైటిస్ పిగ్మెంటోజా కారణములలో తొలుదొల్త బయటపడిన వానిలో ఇది యొకటి.

పిదప భారతీయ కుటుంబములు ఈ శాస్త్రమునకు ఎంతో తోడ్పడినవి. చెన్నైలోని శంకర నేత్రాలయము 1978లో డాక్టర్ ఎస్. ఎస్. బద్రీనాథ్ చేత స్థాపింపబడినది. అచటి డాక్టర్ కుమారమాణిక్కవేల్ విదేశ శాస్త్రజ్ఞులతో కలిసి బంధువివాహములు గల భారతీయ కుటుంబములను పరిశీలించిరి. 1997లో అట్టి ఒక కుటుంబములో ఆర్.ఎల్.బి.పి.1 అను జన్యువునందలి దోషము రేచీకటికి కారణమని ప్రకటించిరి. విటమిన్ ఏ పదార్థమును కంటిలో ఒకచోటి నుండి మరియొక చోటికి మోయు మాంసకృత్తును తయారుచేయునది ఈ జన్యువే. స్వీడన్ దేశపు ఉత్తర భాగమున ఈ జన్యువు దోషముచేతనే రేచీకటితో బాధపడువారు పలువురు గలరు. వారిలో పన్నెండుగురికి ప్రయోగాత్మకముగ జన్యుచికిత్స చేసిన ఫలితములు 2024లో వెల్లడియైనవి. అధికులలో చికిత్స పొందిన కన్ను చీకటికి అలవాటుపడు వేగము మెరుగుపడినది. భారతదేశపు కుటుంబమొకటి ఇచ్చిన రక్తపు బొట్టు నుండి తెలిసిన సంగతి, ఎచ్చటి మంచు దేశపు వారి చికిత్సకో పునాదులలో నొకటి యైనది.

హైదరాబాదులో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన ఎల్. వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలోను ఇట్టి పరిశోధన జరుగుచున్నది. డాక్టర్ చిత్రా కన్నబిరాన్ మొదలగు శాస్త్రజ్ఞులు మన కుటుంబములలో రోగమును కలిగించు జన్యుదోషములను గుర్తించుటకు ఎంతో పాటుపడిరి. పాశ్చాత్యులలో కనబడు దోషములే మనలోను ఉండవలెనని లేదు. కనుక మనవారి పట్టిక మనమే తయారుచేసికొనుట అవసరము.

క్రొత్త చికిత్సలు

జన్యువు చెడినచో సరియైన ప్రతిని కంటిలోనికి పంపరాదా యను ఆలోచన పలు సంవత్సరములు శాస్త్రజ్ఞులను వేధించినది. దానికి వారు కనుగొన్న వాహనము వైరస్. రోగమును కలిగింపని ఒక చిన్న వైరస్‌ను తీసికొని, దాని స్వంత సరుకును తొలగించి, మంచి జన్యువును అందులో నింపుదురు. శస్త్రచికిత్స ద్వారా దానిని సన్నని సూదితో నేత్రపటలము క్రిందికి ఎక్కింతురు. వైరస్ కణములోనికి పోయి సరుకును దింపును.

ఆర్.పి.ఇ.65 అను జన్యువు చెడి పుట్టుకతోనే చూపు తక్కువైన కుక్కలకు ఈ చికిత్స చేయగా వాటికి చూపు వచ్చినట్లు 2001లో ప్రకటింపబడినది. 2007లో లండన్‌లోను, అమెరికాలోని ఫిలడెల్ఫియాలోను మనుష్యులకు చేయుట ప్రారంభమైనది. పరీక్షకై మసక వెలుతురులో అడ్డంకులు గల ఒక దారిని ఏర్పరచి రోగులను నడిపించిరి. చికిత్స పొందినవారిలో సుమారు మూడింట రెండు వంతులవారు అన్నింటికంటె తక్కువ వెలుతురులో సైతము ఆ దారిని దాటగలిగిరి. చికిత్స పొందనివారిలో ఒక్కరును దాటలేకపోయిరి. 2017 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ మందుల శాఖ దీనికి లక్స్‌టర్నా అను పేర అనుమతి నిచ్చినది. వంశపారంపర్య నేత్రపటల వ్యాధికి అనుమతి పొందిన మొదటి జన్యుచికిత్స ఇదియే.

ఇది గొప్ప విజయమే. కాని దీని హద్దులను కూడ తెలిసికొనవలెను. ఇది ఆర్.పి.ఇ.65 జన్యువు రెండు ప్రతులును చెడినవారికి మాత్రమే పనిచేయును. 250కి పైగా నున్న జన్యువులలో ఇది ఒక్కటి. కణములు ఇంకను సజీవముగ మిగిలియున్నప్పుడే ప్రయోజనము. ఎండిపోయిన చెట్టునకు నీరు పోసి లాభములేదు. కావుననే తొందరగ గుర్తించుట ముఖ్యము. ఇక ధర రెండు కన్నులకు ఎనిమిదిన్నర లక్షల డాలర్లుగ నిర్ణయింపబడినది. నాటి మారకములో ఐదు కోట్ల రూపాయలకు మించిన మొత్తము. ఇంత ఖరీదైన వైద్యము సామాన్యుని కందునట్లు చేయుట దేశము ముందున్న పెద్ద పని.

ఇతర మార్గములును పరీక్షింపబడుచున్నవి. జన్యువులోని తప్పును ఉన్నచోటనే కత్తిరించి సరిదిద్దు క్రిస్పర్ పద్ధతిని 2020లో మొదటిసారిగ మనుష్యుని కంటిలో ప్రయోగించిరి. పదునలుగురిపై జరిగిన ఆ పరీక్ష ఫలితములు 2024లో వెలువడగా, పదునొకండుగురికి ఏదో యొక కొలతలో మెరుగుదల కనబడినది. దండకణములు పూర్తిగ నశించినవారికి వేరొక ఉపాయము ఆలోచించిరి. ఒక నాచు జాతి వెలుతురును గుర్తించుటకు వాడుకొను జన్యువును కంటిలో మిగిలిన నాడీకణములలోనికి పంపిరి. ప్రత్యేకమైన కండ్లజోడు సహాయముతో, పలు సంవత్సరములుగ అంధుడైన ఒక వ్యక్తి బల్లమీది వస్తువులను గుర్తించి తాకగలిగినట్లు 2021లో ప్రకటించిరి.

అన్ని ప్రయత్నములును నిలువలేదు. 2013లో అమెరికాలో అనుమతి పొందిన ఒక విద్యుత్ పరికరమును కంటిలో అమర్చుకొన్నవారు కొంత వెలుతురును, ఆకారములను గ్రహింపగలిగిరి. కొన్ని ఏండ్లకే దాని తయారీ యాగిపోయి, వారికి మరమ్మతు చేయువారే కరవైరి. క్రొత్త వైద్యమునందు ఆశ యెంత అవసరమో, ఓపికయు విచారణయు అంతే అవసరము.

మోసపోవలదు

చికిత్స అరుదుగ నున్నచోట మోసము సులభముగ మొలచును. మూలికా రసములు, కంటిలో పోయు చుక్కలు, సూదులు, మూలకణముల పేర అమ్ము వైద్యము మొదలగువానితో “మూడు నెలలలో చూపు” అని చెప్పువారు గలరు. నిజమైన ప్రయోగాత్మక చికిత్సలో పాల్గొనుటకు రోగి వద్ద ధనము సాధారణముగ తీసికొనరు. వ్రాతపూర్వకముగ సమ్మతి నడుగుదురు. నష్టములను కూడ విప్పి చెప్పుదురు. ధనము ముందుగ నడిగి నష్టములేదని చెప్పువానిని నమ్మరాదు.

విటమిన్ ఏ మాత్రలను గూర్చియు ఒక హెచ్చరిక చేయుచున్నాము. 1993లో అమెరికాలో వెలువడిన ఒక పరిశీలనను బట్టి పెద్ద మోతాదు విటమిన్ ఏ ఈ రోగమును కొంత నిదానింపజేయునని పలువురు నమ్మిరి. ఆ పరిశీలనల లెక్కలనే మరల విమర్శించి చూడగా అట్టి ప్రయోజనము కనబడలేదని 2023లో తేల్చిరి. ఎక్కువ మోతాదు కాలేయమునకు చెరుపు. గర్భిణికి ఇచ్చినచో బిడ్డకు హాని. స్టార్‌గార్ట్ రోగములో ఇది కంటికే చేటు. కావున వైద్యుడు చెప్పనిదే దుకాణములో కొని మ్రింగరాదు. ఆకుకూరలు తినుటకు మాత్రము ఏ అభ్యంతరమును లేదు.

ఇప్పుడే చేయదగిన పనులు

జన్యుచికిత్స అందువరకు చేయదగినది లేదని నిరాశపడరాదు. మేము ఈ దిగువ సంగతులను ప్రత్యేకముగ మనవి చేయుచున్నాము.

పిల్లవాడు సంజవేళ తడుముకొనుట గమనించినచో మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో చూపింపవలెను. విటమిన్ ఏ ఇచ్చినను బాగుపడనిచో నేత్రపటల పరీక్షలు గల ఆసుపత్రికి పోవలెను. తడవారికి చెన్నై పోవు లోకలు రైలు అందుబాటులోనే యున్నది. తిరుపతిలో అరవింద కంటి ఆసుపత్రియు, చిత్తూరు వైపువారికి వేలూరులోని క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన షెల్ కంటి ఆసుపత్రియు గలవు. పెద్ద ఆసుపత్రులలో కంటిపాపను విప్పి లోపలి పొరను చూతురు. ప్రక్కచూపు ఎంతవరకు కలదో కొలుతురు. వెలుతురు పడినపుడు నేత్రపటలము పుట్టించు విద్యుత్తును పరీక్షింతురు.

ఆసుపత్రికి పోవునపుడు మూడు తరముల బంధువులలో ఎవరెవరికి చూపు, వినికిడి లోపములున్నవో, ఏ ఏ పెండ్లిండ్లు దగ్గర సంబంధములో ఒక కాగితముపై వ్రాసికొని పోవలెను. పెద్ద ముత్తవ్వ చెప్పు జ్ఞాపకములు వైద్యునకు ఎంతో ఉపకరించును. రోగితోపాటు అన్నదమ్ములను, అక్కచెల్లెండ్రను కూడ పరీక్ష చేయించుట మంచిది.

కంటి దోషముతో చెవుడు కలిసియున్నచో అది అషర్ అను వేరొక రోగము కావచ్చును. పుట్టుకతో ఆరు వ్రేళ్లు, మితిమీరిన లావు, రేచీకటి కలిసియున్నచో బార్డెట్-బీడెల్ అను రోగము కావచ్చును. అందులో మూత్రపిండములను కూడ కనిపెట్టి యుండవలెను. మిక్కిలి అరుదైన కొన్ని రకములు ఆహార నియమముచే అదుపునకు వచ్చును. కనుక రోగమునకు సరియైన పేరు తెలిసికొనుట వ్యర్థము కాదు. రక్తమునుండి జన్యుపరీక్ష చేసి దోషము ఎచట నున్నదో చెప్పుదురు. ఆ పరీక్షకు ముందును, పిదపను జన్యు సలహాదారుతో మాటలాడుట అవసరము. రానున్న కాన్పులను గూర్చి, కుటుంబములోని పెండ్లిండ్లను గూర్చి వారు లెక్కలు వివరింతురు. రేపు ఏ జన్యువునకు చికిత్స వచ్చినను, పేరు తెలిసినవారినే మొదట పిలుతురు.

ఈ రోగులకు చిన్న వయసులోనే శుక్లము వచ్చుట కలదు. అవసరమైనచో దానిని శస్త్రచికిత్సతో తొలగింపవచ్చును. నేత్రపటలమున నీరు చేరి వాచుటకును మందులు గలవు. ఏడాది కొకమారు పరీక్షకు పోయినచో ఇట్టివి తప్పిపోవు. మిట్టమధ్యాహ్నపు ఎండలో, ఉప్పునీటి మీది తళుకులో పనిచేయువారు టోపీయు, రంగు కండ్లజోడును వాడుట హాయి నిచ్చును. రాత్రి వేళ పడవ నడుపుట, బండి నడుపుట మానవలెను. గట్టి వెలుతురు నిచ్చు చేతి దీపమును వెంట నుంచుకొనవలెను.

చదువును ఆపరాదు. పిల్లవానిని బడిలో ముందు వరుసలో కూర్చుండబెట్టి, పెద్ద అక్షరముల పుస్తకములను, భూతద్దమును, మాటలాడు ఫోనును సమకూర్చినచో అందరితోపాటు చదువగలడు. చేతికర్రతో నడచుట, బ్రెయిలీ లిపి నేర్చుకొనుట చూపు కొంత మిగిలియున్నపుడే మొదలిడుట మేలు.

చివరకు చట్టమును గూర్చి ఒక మాట. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము చూపును అక్షరములు చదువు శక్తిచేత మాత్రమే కొలువదు. చూపు విస్తీర్ణముచేతను కొలుచును. విస్తీర్ణము 40 డిగ్రీల కంటె తగ్గినచో అల్పదృష్టిగను, 10 డిగ్రీల కంటె తగ్గినచో అంధత్వముగను పరిగణించును. అక్షరముల పట్టికను చివరి వరుసవరకు చదివినాడని సదరం శిబిరమున నిరాశతో తిరిగివచ్చువారు, ప్రక్కచూపు కొలత పత్రమును వెంట గొనిపోయి చూపవలెను. 40 శాతమునకు తగ్గని వైకల్యము ధ్రువపడినవారికి విద్య, ఉద్యోగ సదుపాయములతోపాటు పింఛను కూడ లభించును. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పింఛను 2024 జూలైలో నెలకు 6,000 రూపాయలకు పెంపబడినది.

పొన్నగంటి కూర పెట్టుడని చెప్పిన మన పెద్దలు ఆనాడు తమకు తెలిసినదానిని దాచుకొనక నలుగురికి పంచిపెట్టిరి. ఈనాడు మనకు ఇంకొంత తెలిసినది. మన ఊరిలో సంజవేళ గోడ పట్టుకొని నడచు బాలుడెవడైన నున్నచో, వానిని పరిహసించువారిని వారించి, తల్లిదండ్రులకు ఈ సంగతులు చెప్పి, పరీక్షకు పంపించు బాధ్యత ఇరుగుపొరుగువారిది, ఉపాధ్యాయునిది, పంచాయతీ పెద్దలది. పోయిన చూపును తెచ్చు శక్తి మన చేతులలో నేడు లేకపోవచ్చును. ఉన్న చూపును కాపాడుటయు, ఉన్న మనుష్యుని నిలబెట్టుటయు మాత్రము నేడే మన చేతులలో గలవు.